లిస్బన్‌కు నాలుగు చొక్కాలు

శ్రీనూ,

నువ్వు పోయి ఈ రోజుకు మూడేళ్ళు. చదవవని తెలిసీ రాస్తున్నాను, ఎందుకంటే ఇది నీకు చెప్పాల్సిన సంగతి.

సౌదీలో పెళ్ళాంపిల్లల్ని ఉంచుకున్నందుకు సర్కారుకు కట్టాల్సిన లెవీ మళ్ళీ పెరిగింది. ఇక మోయలేక స్వప్ననూ అమ్మునూ ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పంపించాను. దమ్మామ్ ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగు కిలో ఎక్కువ తూగింది.

యూరప్‌లో చదువుకునే రోజుల్లో మనిద్దరం చవక టికెట్ మీద లిస్బన్‌కు బయల్దేరినప్పుడూ ఇంతే కదా! బ్యాగు బరువు తగ్గాలని నాలుగు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, "నీ స్వెట్టర్ గూడ ఇటియ్‌రా, ఏస్కుంట" అన్నావు. చేతులు పైకి లేవక, గేటు అవతల నుంచి వేళ్ళు మాత్రం ఆడించి నన్ను రమ్మన్నావు. అక్కడి రేవులో ఓడలు చూస్తూ, బ్రెడ్డులో ఆవకాయ పెట్టుకుని తింటూ, ఉక్కపోతకు నన్నే తిట్టావు.

ఆ కథ అమ్ముకు కంఠతా వచ్చు. నేను వద్దనేలోపే బ్యాగు తెరిచింది.

"డాడీ, నేన్ గూడ శ్రీను అంకుల్ లెక్క ఏస్కుంట!"

మూడు గౌన్లు, వాటి మీద నువ్వు వేసుకున్న ఆ స్వెట్టరే.

గేటు దాటాక టాటా చెప్పబోతే చెయ్యి లేవలేదు. వేళ్ళు మాత్రం ఆడించింది, అచ్చం నీలాగే, రమ్మన్నట్టు.