గేటుకు అంటించిన పేజీ

బాబాయ్,

ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. మన నాటకశాలను సోమవారం నుంచి కూల్చేస్తున్నారు. నలభై ఏళ్లు అక్కడ తెర లాగినవాడివి, కారణం నా ద్వారానే నీకు తెలియాలి.

నేను రాసిన నాటకశాల చరిత్ర పుస్తకం చదివాకే అధికారులు ఆ భవనాన్ని రక్షిత కట్టడాల జాబితాలోంచి తీసేశారు. బాల్కనీ మెట్ల దగ్గర స్తంభాన్ని తట్టి చూపించావు, గుర్తుందా? "విను, ఉత్త డొల్ల! అసలు హాలు ఎప్పుడో తగలబడిపోయిందే పిల్లా. మరమ్మతని చెప్పి మీ తాతా నేనూ అన్నీ కొత్తగా పోతపోశాం. ఇన్నేళ్లలో ఒక్కడైనా కనిపెట్టాడా?" అని పకపకా నవ్వావు.

నిజం కదా అని రాశాను. మీ పనితనం నలుగురికీ తెలుస్తుందనీ ఆశపడ్డాను. ఆఫీసరు ఆ ఒక్క పేజీ తిప్పి, "మేడమ్, ఇది పాతది కాదని మీరే రాశారుగా!" అన్నాడు.

రాయకుండా ఉండాల్సిందా? ఒకరోజు అవుననిపిస్తుంది, మర్నాడు కాదనిపిస్తుంది. ఏదనిపించినా ఆ గోడలు నిలబడవు.

నీ పేరు ఒక్కసారి అచ్చులో చూసుకోవాలన్నావు. ఆ వాక్యం కిందే వేయించాను, ఈ సంగతి చెప్పింది నువ్వేనని. ఇప్పుడా పేజీని కూల్చివేత ఉత్తర్వుకు జతచేసి గేటుకు అంటించారు.

నువ్వు పొద్దున్నే నడకకు అటే వెళ్తావు. ఈ ఉత్తరం నీకు ముందు అందిందో, ఆ గేటే ముందు కనిపించిందో నాకు తెలియదు.

నీ అన్న కూతురు