మిగిలిన మూడు మూరలు

అమలాపురం, మంగళవారం రాత్రి

మనవరాలు సువర్ణ ఇంకా ఫోన్ చేయలేదు. ఆరింటికల్లా నర్సీపట్నం చేరి చేస్తానంది. తొమ్మిది దాటింది. నేను చేస్తే స్విచాఫ్ అని వస్తోంది.

నాలుగు రోజుల అరకు ప్రయాణానికి ఆఫీసుకి వెళ్లే ఆ వంద సీసీ బండి మీదే బయల్దేరింది. సామాను నేనే కాటా వేశాను. బట్టల బ్యాగు ఆరు కిలోలు, టెంటు మూడు. తను కొక్కేల రబ్బరు తాడు తెచ్చుకుంటే, అది ఆగదని తీయించి, కొబ్బరి తాడుతో వెనక సీటుకి నా చేత్తో బిగించాను. పన్నెండు మూరల్లో తొమ్మిదే పట్టాయి.

"మిగిలింది కోసేద్దాం మామ్మా. చక్రంలో పడితే ప్రమాదమండి."

"మంచి తాడుని ముక్కలు చేస్తావా? బ్యాగు కిందకి దోపు. తిరిగొచ్చాక నూతి చేదకి పనికొస్తుంది."

"ఆయ్, టీచరమ్మగారూ!" అని నవ్వుతూ దోపేసింది.

సాయంత్రం నుంచి ఒకటే వాన. తడిసిన కొబ్బరి తాడు సాగుతుందో, బిగుస్తుందో, ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన నాకు ఇప్పుడు గుర్తు రావడం లేదు. బల్ల మీద కత్తి ఉంది. పొద్దున్న కూడా అక్కడే ఉంది.

ప్రభువా, ఆ మూడు మూరలూ దోపిన చోటే ఉండనియ్యి.