మూలన నిలబడే పని

అమ్మకు నమస్కారం. నేను బాగానే ఉన్నాను, కాళ్ళే నా మాట వినడం లేదు.

నిన్న మా కాలేజీ జట్టు ఓడిపోయింది, నా వల్లే. బాస్కెట్‌బాల్‌లో నా పని మూడు పాయింట్ల గీత బయట, మూలన నిలబడటం. బంతి రాకపోయినా అక్కడే ఉండాలి. నేను దూరం నుంచే బంతి బుట్టలో వేసేస్తానన్న భయంతో అవతలి జట్టు అమ్మాయి ఒకతి నన్నే కనిపెట్టుకుని ఉంటుంది, దాంతో లోపల మావాళ్ళకి చోటు దొరుకుతుంది. చివరి నిమిషంలో మా కెప్టెన్ ఇద్దరి మధ్య ఇరుక్కుంటే చూస్తూ ఊరుకోలేక సాయానికి పరిగెత్తాను. నా వెంటే వచ్చిన ఆ అమ్మాయి కెప్టెన్ చేతిలోంచి బంతి లాగేసుకుంది. కోచ్ తిట్టలేదు. "నువ్వు దూరంగా ఉండటమే సాయం తల్లీ, ఎన్నిసార్లు చెప్పను?" అన్నారు.

బీరువాలో నా పాత మోకాలి పట్టీ ఉంటే పంపు. నీ దగ్గు తగ్గిందా?

నాన్నకీ అన్నయ్యకీ మాటల్లేవు, వచ్చి కలపమని రాశావు. ఈసారి రాను. నేనొస్తే ఇద్దరూ నాతోనే మాట్లాడతారు, వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు. నువ్వూ మధ్యలోకి వెళ్ళకు. నేను ఓడిన సంగతి నాన్నకి నువ్వు చెప్పకు, అన్నయ్యని చెప్పమను.

నీ దీవెనలు కోరుతూ,
చిన్నది