గేటు దగ్గర పెట్రోలు ట్యాంకరు

రాయగడ, సోమవారం

అమ్మకు వందనాలు. టీవీలో చూసి కంగారు పడుంటావు. నేను క్షేమం, రైల్లో అందరూ క్షేమమే. ఆ తోపులాటలో ఫోను పోయింది, అందుకే ఈ కార్డు.

శనివారం పొద్దున కొరాపుట్ నుంచి డ్యూటీకి వస్తున్నాను. రాయగడకు ఇవతల గేటులో పెట్రోలు ట్యాంకరు చెడిపోయి పట్టాల మీదే నిలిచిపోయింది. ఎంత బ్రేకు వేసినా మా రైలు దాని వెనక భాగాన్ని కొట్టింది. అందరం కిందికి దిగేసరికి పెట్రోలు కాలువ కట్టి, గేటు పక్కన ఇడ్లీలమ్మే అప్పమ్మ పొయ్యి వైపు పారుతోంది. ఆవిడ నీళ్లబిందె, పిండిగిన్నె రెండూ పొయ్యిలో కుమ్మరించి మంట ఆర్పేసింది.

"బీడీలు ఆర్పండి, దూరంగా ఎల్లిపోండి!" అని అందరినీ తరిమింది. నా యూనిఫాం చూసి, "నువ్వు నర్సువి కదేటి? ఆ డ్రైవర్ని సూడమ్మి. ఇక్కడ సంగతి నాను సూసుకుంతాను" అంది.

ఇద్దరు ప్రయాణికుల సాయంతో ట్యాంకరు డ్రైవర్ని కిందికి దింపాను. కాలు విరిగి రక్తం కారుతోంది. గొడుగు ఆసరాగా పెట్టి నా చున్నీతో కట్టాను. ఇప్పుడు మా వార్డులోనే ఉన్నాడు. నిన్న గంజి తాగాడు.

చెల్లి ఫేబ పరీక్ష ఎలా రాసింది? బాబాయి ఇటు వస్తే చింతకాయ పచ్చడి పంపు.

నాన్న మళ్లీ ఉద్యోగం మానేసి వచ్చేయమంటారేమో. రక్తం చూస్తే కళ్లు తిరిగే పిల్లనని కదా ఆయన భయం. ఆ కట్టు కట్టేటప్పుడు నా చేతులు వణకలేదని చెప్పు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

నీ సలోమి