పెద్దమ్మ డబ్బాలో గుడ్డపీలికలు

అమ్మకి,

ముందుగా ఒక మహా క్షమాపణ. కన్నతల్లికి ఉత్తరం రాసే కొడుకులు పూల గురించి రాస్తారు, వెన్నెల గురించి రాస్తారు, ఏమీ తోచకపోతే వాన గురించైనా రాస్తారు. నేను చెత్త గురించి రాయబోతున్నాను. తడి చెత్త, పొడి చెత్త, ఇంటి చెత్త, వ్యాపార చెత్త, వీటన్నిటి నెత్తిన ఆఫీసు కాగితాల చెత్త. భోజనానికి ముందు చదవకు. పిన్నికి చదివి వినిపించకు, ఆవిడ నవ్విందంటే కాలికి వేసిన కట్టు కదులుతుంది. ఇంత నికృష్టమైన విషయంతో నీ కళ్ళను మైలపరుస్తున్నందుకు శిరస్సు వంచి క్షమాపణ కోరుతున్నాను. వంచిన శిరస్సు వెంటనే ఎత్తేస్తున్నాను కూడా, ఎందుకంటే నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఇక్కడ నేనూ నాన్నా క్షేమం. నీ కుట్టుమిషనూ కత్తెరలూ క్షేమం. పక్కింటి పెద్దమ్మ చెత్తడబ్బా మాత్రం క్షేమంగా లేదు. దాన్ని మున్సిపాలిటీవాళ్ళు తీసుకుపోయారు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమెందుకంటావా? ఫోన్లో నువ్వు మధ్యలో అడ్డొస్తావు. నేను నవ్వించి తప్పించుకుంటాను. ఇరవై ఏళ్ళుగా మనిద్దరి ఒప్పందం అదే. ఈసారి అది పనికిరాదు.

నీ ఉత్తరం అందింది. ప్రశ్నలకు వరసగా జవాబులు.

నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా అన్నావు. వేసుకుంటున్నాడు. కానీ ఖాళీ అయిన మాత్రల అట్టకి ఒకవైపు రేకు, ఒకవైపు ప్లాస్టిక్ ఉంటాయి కదా, వాటిని విడదీసి వేరువేరుగా వెయ్యాలేమోనని అనుమానం వచ్చింది ఆయనకి. సాయంత్రాలు కళ్ళజోడు పెట్టుకుని గోటితో గీకుతూ కూర్చుంటున్నాడు. మాత్ర వల్ల ఎంత బీపీ తగ్గుతోందో, దాని అట్ట వల్ల అంతా పెరుగుతోంది. మొత్తం మీద నిలకడగా ఉన్నాడు.

హాస్టలు వార్డెన్ కర్టెన్లు తీసుకెళ్ళిందా అన్నావు. తీసుకెళ్ళింది. ఒకటి పొట్టిగా ఉందంది. కిటికీ పొడుగ్గా ఉందేమో చూసుకోమన్నాను. ఆలోచిస్తూ వెళ్ళిపోయింది.

మిగిలినవి మూడు. చీటీలేమైనా వచ్చాయా, పెద్దమ్మ నా ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు, సంచి సంగతేం చేశావు. ఈ మూడింటికీ కలిపి జవాబు చెప్పాలి. అందుకు ముందు రూల్స్ రాస్తాను. నీకు తెలిసినవే. కానీ రాసుకుంటూ వెళ్తే తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఇంటి చెత్త తడీ పొడీ వేరు చేసి గుమ్మం ముందు డబ్బాల్లో పెడితే బండి వచ్చి తీసుకెళ్తుంది. షాపు చెత్త అయితే సంచి మీద షాపు పేరు రాసి, వీధి చివర కంచె కట్టిన చోటికి మనమే మోసుకెళ్ళాలి. షాపు చెత్త ఇంటి డబ్బాలో కనబడిందా, ఎర్రచీటీ. మనలాగా కింద షాపు, పైన ఇల్లు ఉన్నవాళ్ళ డబ్బాలో కనబడిందా, ఏకంగా షాపు అనుమతే ఆపేస్తారు. ఎంత గొప్ప తర్కమో చూడు. ఒకే దారప్పోగు. కింద మిషను దగ్గర రాలితే వ్యాపార చెత్త. నీ జుట్టుకు అంటుకుని మెట్లెక్కి పైకొచ్చి రాలితే ఇంటి చెత్త. మధ్యలో మెట్ల మీద రాలితే ఏమిటన్నది వేదాంతం.

ఆ ఎర్రచీటీలు అంటించే ఇన్‌స్పెక్టరు నువ్వు ఊరెళ్ళిన రోజే మన వీధికొచ్చాడు. చేతికి గ్లవుజులు, చంకలో ఫైలు, ముఖంలో యమధర్మరాజు దగ్గర కొంతకాలం పనిచేసి మానేసినవాడి ప్రశాంతత. ఒక్కో డబ్బా మూత తెరిచి చూస్తూ పెద్దమ్మ డబ్బా దగ్గర ఆగాడు. తడిచెత్త డబ్బాలో కూరగాయల తొక్కల మీద కర్టెన్ గుడ్డపీలికలు. పొడుగువీ, పొట్టివీ, వేలెడంతవీ, కలగాపులగంగా, సంచి బోర్లించినట్టు.

"ఇవెవరివమ్మా?" అన్నాడు.

పెద్దమ్మ గుమ్మంలోకొచ్చింది. రిటైరయ్యేదాకా ఆస్పత్రి వార్డుల్లో నర్సుగా చేసినావిడ. దుమ్ము కూడా ఆవిడ అనుమతి తీసుకునే వాలుతుంది ఆ ఇంట్లో. ఒక పీలిక పైకి తీసి, తిప్పి చూసి, అంచు మీద బొటనవేలు పోనిచ్చింది. ఒకసారి మూసి ఉన్న మన షాపు తలుపు వైపు చూసింది.

"నావే అనుకోండి," అంది.

"అనుకోవడానికి కాలమ్ లేదమ్మా. అవునా, కాదా?"

"అవును."

"గుడ్డలతో ఏం పని మీకు?"

"పట్టాలు అల్లుతాను. కాళ్ళు తుడుచుకునేవి."

"అమ్ముతారా?"

"ఇస్తాను."

"ఎవరికి?"

"కాళ్ళున్నవాళ్ళకి."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదమ్మా. రాసుకున్నాడు. ఉత్పత్తి ఉంది, పంపిణీ ఉంది, వ్యర్థం ఉంది, కాబట్టి ఇది వ్యాపార సంస్థ అన్నాడు. వ్యాపార సంస్థలకు ఇంటి డబ్బాలుండవు కాబట్టి రెండు డబ్బాలూ బండెక్కించాడు. విచారణకి రమ్మని తలుపు మీద ఎర్రచీటీ అంటించాడు. అలా మన పెద్దమ్మ, డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి, చూస్తూ చూస్తుండగానే ఒక పరిశ్రమ అయిపోయింది.

నేను ఊరుకున్నానా? ఊరుకుంటే నీ కొడుకునెలా అవుతాను! నడివీధిలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. "అయ్యా! నాకు కాలేజీ ఇచ్చిన పట్టా ఇంతవరకు ఒక్కడికీ ఉపయోగపడలేదు. ఈవిడ అల్లిన పట్టాల మీద ఈ వీధి వీధంతా కాళ్ళు తుడుచుకుని ఇళ్ళలోకి వెళ్తోంది. మీరు శుభ్రత నేర్పవలసింది ఈవిడకా?" అన్నాను. రెండు కిటికీల్లోంచి చప్పట్లు వినిపించాయి.

"మీరెవరు?" అన్నాడు.

"పౌరుణ్ణి. పొరుగువాణ్ణి."

"మీ డబ్బా ఏది?"

చూపించాను. మూత తెరిచి చూశాడు, వంగి చూశాడు, గ్లవుజు వేలితో కెలికి చూశాడు. మన డబ్బాలో ఒక్క పీలిక లేదు, ఒక్క దారం లేదు. దర్జీ ఇంటి డబ్బా ఇంత శుభ్రంగా ఉండటం తన సర్వీసులో చూడలేదన్నాడు. ఫైల్లోంచి ఆకుపచ్చ చీటీ తీసి మన డబ్బాకి అంటించాడు. "ఆదర్శ గృహం" అని ఉంది దాని మీద. నాన్న పొంగిపోయి దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. నీకు పంపుతానంటే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆయనకి అర్థం కాలేదు. చీటీల ప్రశ్నకి జవాబు అదీ. వచ్చింది. ఆకుపచ్చది.

అప్పట్నుంచి నా కోపానికి అంతు లేదు. పెద్దమ్మ తొక్కలు పడెయ్యడానికి డబ్బా లేదు. ఇంకొకరి డబ్బాలో వేస్తే వాళ్ళకీ ఎర్రచీటీయే. వంటింట్లో మూతగిన్నెలో దాచి, ఎండబెట్టి, చేతిసంచిలో పెట్టుకుని ఎక్కడెక్కడికో నడిచి పోయి పడేసి వస్తోంది. ఒకరోజు ఎదురుపడితే, "మా డబ్బాలో వెయ్యి పెద్దమ్మా, ఎవడేమంటాడో చూస్తాను," అన్నాను. "వద్దులే నాయనా, ఆకుపచ్చ చీటీ వచ్చిన డబ్బా, పాడుచెయ్యడమెందుకు," అంది. వెటకారం కాదమ్మా. నిజంగానే అంది. వెటకారమైతే బాగుండేది.

వీధిలో మాత్రం వెటకారానికి లోటు లేదు. మూలమీద ఇస్త్రీ ఆయన ఆవిడని చూసి, "ఫ్యాక్టరీకి ఇవాళ సెలవా అమ్మా?" అన్నాడు. ఆయన కాళ్ళ కిందున్న పట్టా కూడా పెద్దమ్మ ఇచ్చిందే. నేను వెళ్ళి ఆ పట్టా లాక్కొచ్చేశాను. ఇప్పుడది మన మంచం కింద ఉంది. తిరిగివ్వాలి.

నేను వీధంతా తిరిగి సంతకాలు పెట్టించాను. అర్జీ రాశాను. "ప్రజాస్వామ్యంలో పీలికకున్న స్థానం" అని మొదలుపెట్టాను, నాన్న కొట్టేయించాడు. రేపే విచారణ. నిన్న సాయంత్రం పెద్దమ్మ నన్ను పిలిచింది.

"ఎల్లుండి ఆఫీసుకి తోడు రా నాయనా. నాకు వాళ్ళ మాటలు అర్థం కావు. నీకు నోరుంది."

ఎప్పుడూ కిటికీ దగ్గర కూర్చుని అల్లే కుర్చీ ఖాళీగా ఉంది. సగం అల్లిన పట్టాని విప్పేసి ఉండలు చుట్టి పక్కన పెట్టేసింది. ఇల్లు ఎప్పటిలా లేదు. వంటింట్లోంచి వాసన వస్తోంది. వాసన పోవడానికి కిటికీలన్నీ తెరిచి, నేను గమనిస్తానని మళ్ళీ మూసింది.

"పెద్దమ్మా, గుడ్డలు నావి కావని ఒక్క మాట చెబితే అయిపోతుందిగా?" అన్నాను.

"కాదంటే మరెవరివి అంటారు."

నేను ఒక ఉండ తీసి చేతిలో తిప్పాను.

"ఆ అంచులు చూశావా? పళ్ళు పళ్ళుగా. ఈ వీధిలో ఆ కత్తెర ఒక్కరి దగ్గరే ఉంది. షాపు అనుమతి కోసం మీ అమ్మ ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగిందో నాకు తెలుసు. ఎక్కిన ప్రతి గుమ్మం దగ్గరా పక్కన నేనున్నాను. ఇప్పుడు నా నోటితో నేనే ఆ బోర్డు దింపుతానా?" ఉండని నా చేతిలోంచి తీసుకుంటూ అంది, "పారెయ్యాలంటే పారేసుకోవచ్చు. నా డబ్బాలోనే ఎందుకు వేసిందో. ప్రయాణం హడావుడి అయి ఉంటుందిలే."

"అమ్మ అలా చెయ్యదు పెద్దమ్మా."

"ఇన్నాళ్ళూ నాకోసం ఏరి ఇస్తోందనుకున్నాను. పారెయ్యాల్సినవి నాకిస్తోందని తెలియలేదు. పిచ్చిదాన్ని. పట్టాలని మురిసిపోయాను."

ఏరి ఇచ్చేదానివని నాకు తెలుసమ్మా. షాపు మూశాక కింద చతికిలబడి, జానెడు దాటినవన్నీ ఒక పక్కకి తీసి, రంగు పక్కన రంగు పెట్టి చూసుకుని, "ఈ పసుపు పక్కన అక్కయ్య ఏం వేస్తుందో చూడాలిరా," అనేదానివి. పొట్టివి మాత్రమే షాపు సంచిలోకి వెళ్ళేవి. ఈ ముక్క నిన్న ఆవిడకి చెప్పి ఉండాల్సింది. చెబితే వెనకే ఇంకో ముక్క చెప్పాల్సి వస్తుంది. నీకు నోరుందన్న ఆవిడ ముందు నోరు మూసుకుని, మంచినీళ్ళు తాగి వచ్చేశాను. నీ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో ఇప్పుడు తెలిసిందిగా.

రాత్రి నా ఉపన్యాసం తీసి చదువుకున్నాను. బాగా వచ్చింది. "నోరులేని మనిషి మీద నింద మోపి చాటుగా నిలబడ్డ పిరికివాడెవడో ఈ సభకి తెలియాలి" అన్న వాక్యం దగ్గర చప్పట్లు పడతాయనుకున్నాను రాసేటప్పుడు. ఆ వాక్యం రాసింది నేనేనని నమ్మబుద్ధి కాలేదు. నా మీద అంత చక్కటి తెలుగు ఇంతవరకు ఎవరూ రాయలేదు.

నేను తిట్టిన తిట్లలో ఒక్కటీ వెనక్కి తీసుకోవడం లేదు. ఆ రూల్స్ రాసినవాడు ఎప్పుడూ చెత్త పడేసినవాడు కాదు. ఆ ఇన్‌స్పెక్టరు పట్టా అల్లడానికీ ఫ్యాక్టరీ నడపడానికీ తేడా తెలియనివాడే. కానీ పెద్దమ్మ డబ్బాలోకి ఆ గుడ్డలు రూల్స్ నడిచొచ్చి వెయ్యలేదు.

ఆకుపచ్చ చీటీ ఇందాక గోకి తీశాను. సగమే వచ్చింది. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో, అంటే ఈసారి సరైన డబ్బాలో వేసి, తిన్నగా పెద్దమ్మ గుమ్మంలోకి వెళ్తాను. రేపు ఆఫీసులో అర్జీ చదవను, ఒకే వాక్యం చెబుతాను. షాపు బోర్డు కొన్నాళ్ళు దిగొచ్చు. అనుమతి కోసం గుమ్మాలు ఎక్కడం దిగడం ఈసారి నా వంతు. ఇది చదివాక నన్ను తిట్టడానికి ఫోన్ ఎత్తుతావు కదా, ముందు ఆవిడకి చెయ్యి. ఈసారి ఎత్తుతుంది. పసుపు పక్కన ఏం వేస్తుందో అడుగు.

ఇక మిగిలింది సంచి. "ఏరడానికి నాకు టైం లేదు, పొడుగువి అక్కయ్యకివ్వు, పొట్టివి కంచెలో వేసి రా," అని మెట్లు దిగుతూ చెప్పి వెళ్ళావు. నేను ఏరలేదమ్మా. వీధి చివరిదాకా మొయ్యాలంటే బద్ధకమేసింది. మన డబ్బాలో వేస్తే షాపుకి ముప్పు అని గుర్తొచ్చింది. అంతమాత్రం తెలివి పనిచేసింది. ఎలాగూ ఆవిడకి చేరాల్సిన గుడ్డలే కదా అనుకున్నాను. నీ ఆటో సందు తిరగకముందే, పెద్దమ్మ డబ్బా మూత తెరిచి, సంచి మొత్తం అందులో బోర్లించాను. నేనే.

ఇట్లు,
నీ కొడుకు