పెండ్లి సంచులు

మేడ్చల్, జులై 2003

అత్తమ్మా,

నీ మీద అలిగి రాయడం లేదు, నువ్వు అలిగావని రాస్తున్నాను. దుకాణంలో ఆ సంచులు ఇవ్వడం ఆపితేనే మా గడప తొక్కుతానని నాయినతో కబురు పంపావు. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి. జరిగింది జరిగినట్టు నీకు చెప్పాలి.

పోయిన నెల మొదటి వానకే కాలువలో ప్లాస్టిక్ కవర్లు అడ్డంపడి నీళ్లు దుకాణాల్లోకి వచ్చాయి. బస్టాండు దగ్గరి కిరాణా వాళ్లమంతా కూర్చుని, ఇక కవర్లు ఇవ్వొద్దనుకున్నాం. అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు గానీ కొనేవాళ్లు ఒప్పుకోలేదు. కొత్త కాలనీలో ఉండే పద్మజగారు, బ్యాంకు ఉద్యోగి భార్య, "ఇంటి నుంచి సంచి పట్టుకొస్తే రేషన్ షాపుకి వెళ్తున్నట్టుంటుంది అమ్మాయ్" అంది. స్కూటర్ల మీద వట్టి చేతులతో వచ్చినవాళ్లు, "కవర్ లేకుంటె పక్క దుకాణంల తీసుకుంట" అని బండి తిప్పారు. పక్కవాళ్లు చూసి చూసి మళ్లీ కవర్లు మొదలుపెట్టారు. బుచ్చవ్వ సంగతి విను. నిరుడు దాకా గంపలో సామాను తీసుకుపోయిన మనిషి, ఇప్పుడు కవరే కావాలంటుంది. "వానొస్తె నెత్తికి ఏం కట్టుకోవాలె? గంప కట్టుకోవాల్నా?"

"మనం గూడ ఇద్దాం బిడ్డా, బేరం పోతాంది" అన్నాడు నాయిన. అప్పుడు అటక మీది సంచులు దించాను. నా పెండ్లిలో తాంబూలం పెట్టి ఇవ్వడానికి కుట్టించినవి. ఒకవైపు 'మనోరమ – సుజిత్' అని అచ్చు. కోడలు దుకాణంలో కూర్చోవద్దని సుజిత్ వాళ్లన్నారు, కూర్చుంటానని నేనన్నాను, సంబంధం ఆగింది. కుదిర్చింది నువ్వు గనక నీకు తలవంపు. ఈ పిల్ల కంట నీరు పెట్టలేదని అందరూ చెప్పుకున్నారు. పెట్టాను అత్తమ్మా. సుజిత్ నాకు నచ్చాడు. ఆ సంచులు పైన ఉన్నన్నాళ్లు నేను ఆ అటక ఉన్న గదిలో పడుకోలేదు.

సామాను వాటిలో పోసి, మళ్లీ వచ్చేటప్పుడు ఇదే తెమ్మని చెప్పి ఇచ్చాను. కుర్మయ్య భార్య చేతులు వెనక్కి తీసుకుంది. "తెగిన సంబంధం సంచి మా ఇంట్ల పెట్టుకోవాల్నా? మా పిల్లకు గూడ సంబంధాలు చూస్తున్నం." బుచ్చవ్వ చెయ్యి చాచింది. "ఇటియ్యి. నాకైతె చదువు రాదు. గుడ్డ గట్టిగుంటె సాలు." పద్మజగారు తీసుకుంది గానీ, పేర్లు లోపలికి పోయేట్టు తిరగేసి పట్టుకెళ్లింది. ఆమెను చూసి చాలామంది అంతే. తిరగేసైనా సంచి మోస్తున్నారు, అది చాలనుకున్నాను.

ఇక నువ్వన్న మాట. సుజిత్‌కు వేరే సంబంధాలు చూస్తున్నారు, అతని పేరు అంగడిలో తిరుగుతుంటే వాళ్లమ్మ నిన్ను నిలదీసింది. ఆమె అడిగింది న్యాయం. ఆ ఆలోచన నాకే ముందు రావాల్సింది. అతని పేరు మీద గుడ్డముక్క వేసి కుడుతున్నాను. బయటికి పోయిన సంచులను, తెచ్చినవాళ్లను నిలబెట్టి అక్కడికక్కడే కుట్టి ఇస్తున్నాను. నా పేరు మీద మాత్రం ముక్క వేయను. సంచులు ఆపను. నువ్వు రాకపోతే నాకు కష్టం. అయినా ఆపను.

నువ్వు పెంచిన
మనోరమ

*

కీసర, సెప్టెంబరు

బిడ్డా మనోరమా,

జవాబు రాయొద్దనే ఇన్నాళ్లు ఊకున్న. మొన్న శామీర్‌పేటల బస్సు కోసం నిలబడ్డ. ఒకామె చేతిల సంచి చూసిన. నీ పేరు, పక్కన ఎర్ర ముక్క. ఎక్కడిదని అడిగిన, తెల్వనట్టు.

"మేడ్చల్‌ల మనోరమ దుకాణంది. కవర్ అడిగితె ఇయ్యదు, మస్తు మొండిది. పక్క దుకాణంల ఇస్తరు గని, మూడు దినాలకే చినుగుతయి. మళ్ల ఆడికే పోతున్న."

"గా ముక్క ఏంది?" అన్న.

"ఆ పిల్లను దుకాణంల కూసోవద్దన్నోళ్ల పేరట" అని నవ్వింది.

దుకాణం బోర్డు మీద చూస్తె మా అన్న లింగస్వామి పేరుంది. ఊరి నోట్ల నీ పేరుంది. నేను మాట్లాడకుండ బస్సెక్కుదామనుకున్న, ఉండబట్టలే. "మా అన్న బిడ్డె. నేనే సాదిన" అని చెప్పిన. జర గట్టిగనే చెప్పినట్టున్న, కండక్టర్ గూడ ఇటు చూసిండు.

సుజిత్ వాళ్లమ్మకు కబురు పంపిన. మీ పేరు తీసేసినం, ఇగ మా పిల్ల జోలికి రావద్దని.

ఆదివారం వస్తున్న. పొద్దుగాల గిరాకి ఎక్కువుంటది గద. గల్లా పెట్టె దగ్గర నేను కూసుంట, నువ్వు నిమ్మలంగ తిని రా. కవర్ అడిగినోళ్లకు జవాబు నేను చెప్త.

మీ అత్తమ్మ
శంకరమ్మ