దేలియాకి కొత్త ఇల్లు తెలియదు

అక్టోబరు 23
మూడో అంతస్తు. డెబ్భై ఏళ్ళు నేలమీద బతికినవాణ్ణి తెచ్చి పావురాల సరసన కూర్చోబెట్టింది మా నోరా. కూతురు కదా, తిట్టలేను. పొలం కౌలు తీరిపోయింది, సొంతదారు ఇల్లు కూలగొట్టించాడు. మెర్సెదెస్ ఊళ్ళో ఇదే దొరికింది. లిఫ్టు పాతది, మడతల ఇనుప గేటు. ఏ అంతస్తులో గేటు వేయకుండా పోయినా అక్కడే మొండికేస్తుంది. నాకు నచ్చింది.

అక్టోబరు 26
గేటంటే గుర్తొచ్చింది. మా ఐరిష్ గొర్రెలకాపర్ల ఇళ్ళల్లో పిల్లలకి ప్రార్థనకన్నా ముందు నేర్పేది పొలం గేటు వేయడం. మా ఆవిడ దేలియా స్టేషన్ మాస్టరు కూతురు. పెళ్ళయ్యాక యాభై ఏళ్ళూ ఒక్క గేటు వేసిన పాపాన పోలేదు. ఓసారి మా ఆవులన్నీ పోయి ఫాదర్‌గారి క్యాబేజీ మడి నున్నగా చేసొచ్చాయి. నేను అరిస్తే, ఎలాగూ తిరిగొస్తాను కదా, మళ్ళీ తీసుకోవడం దేనికి అనేది.
జులైలో పోయింది. ఈ ఇల్లు చూడలేదు.

అక్టోబరు 28
నవంబరు ఒకటి రాత్రి చనిపోయినవాళ్ళు మా ఇళ్ళకి వస్తారు. తలుపు గడియ తీసి ఉంచాలి. పొయ్యి రాజేసి చుట్టూ కుర్చీలు వేయాలి, టీ, సోడా రొట్టె పెట్టాలి. ఐర్లండులో అప్పుడు చలి. ఇక్కడ అర్జెంటీనాలో చెమటలు. చిన్నప్పుడు గునిస్తే మా నాయనమ్మ, వాళ్ళు అంత దూరం నుంచి తడిసి వస్తార్రా వెధవా, నీకు ఉక్కపోస్తే నోరు మూసుకుని ఉక్కపోయించుకో అంది.
పొయ్యికి బదులు గ్యాస్ స్టవ్ ఉంది. కానీ వీధి తలుపు? పదింటికల్లా తాళం.

అక్టోబరు 29
వాచ్‌మన్ రుఫీనోని అడిగాను. మీవాళ్ళు చచ్చినవాళ్ళే కదా డాన్ లొరెన్సో, గోడల్లోంచి దూరి రాలేరా అన్నాడు. పరువుగల మనుషులు, తలుపులోంచే వస్తారన్నాను. వాళ్ళకోసం తలుపు తీస్తే బతికున్నవాళ్ళ సైకిళ్ళు పోతాయన్నాడు. రెండో అంతస్తు పియెరీనా గారు మెట్లమీంచి వింటోంది. మా ఇటలీ వాళ్ళయితే బెల్లు కొట్టి వస్తారు, మీ ఐరిష్ వాళ్ళకి చచ్చినా మర్యాద రాలేదా అంది.

అక్టోబరు 30
సోడా ఎక్కువైంది. రొట్టె సబ్బులా ఉంది. దేలియా అయితే కుక్కకి వేసేది. కుక్కా లేదు.

అక్టోబరు 31
నోరా వచ్చింది. రేపు ఐరిష్ క్లబ్బులో ఆకుపచ్చ రిబ్బన్లు, బ్యాగ్‌పైపు, పోయినవాళ్ళ పేర్లు మైకులో చదువుతారు, అమ్మ పేరూ ఉంది, రా నాన్నా అంది. మీ అమ్మకి మైకంటే అసహ్యం అన్నాను. అమ్మకి ఈ అడ్రసు మాత్రం ఎలా తెలుస్తుంది అని నోరు జారింది.
చటుక్కున రొట్టె ప్లేటు దగ్గరికి లాక్కుంది. నా బంగారుతల్లి ఆ సబ్బు ముక్క మొత్తం తినేసింది.

నవంబరు 1, పొద్దున
శ్మశానానికి వెళ్ళి అడ్రసు గట్టిగా చెప్పాను. వీధి, నెంబరు, బేకరీ పక్కన, మూడో అంతస్తు. నీకు మోకాళ్ళ నొప్పి, మెట్లెక్కకు, లిఫ్టుంది అని కూడా చెప్పాను. పక్క సమాధికి పూలు పెడుతున్నావిడ నాకేసి చూసింది. చూడనీ.

నవంబరు 1, సాయంత్రం
వీధి తలుపు తీసిపెట్టి తెల్లవార్లూ నేనే కాపలా కూర్చుంటానని చెప్పడానికి దిగాను. తలుపు బార్లా తీసి రుఫీనో అప్పటికే కూర్చున్నాడు, ఒళ్ళో మాతే టీ కప్పు. మీరిక్కడుంటే వచ్చినవాళ్ళకి టీ ఎవరు పోస్తారు, పోండి పైకి అని కసిరాడు. తర్వాత గోడ వంక చూస్తూ, మా అమ్మ ఎక్కడో దూరాన కొర్రియెంతెస్‌లో పోయింది, మీవాళ్ళతో కలిసి ఇటొస్తే ఓ కుర్చీ ఉంటుందా అన్నాడు. ఉంటుందన్నాను.
లిఫ్టు కిందే వాళ్ళకి వదిలేసి మెట్లెక్కాను. పియెరీనా గారి తలుపు ఓరగా తీసి ఉంది. ఏమిటమ్మా అంటే, బెల్లు పాడైంది, నీకెందుకు అంది.

నవంబరు 2, ఆరు గంటలు
కుర్చీలోనే నిద్రపట్టేసింది. టీ చల్లారింది. కుర్చీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. కిందికి కేకేసి అడిగితే, ఈగ కూడా రాలేదు డాన్ లొరెన్సో, నేను కన్ను మూయలేదు అన్నాడు రుఫీనో.

నవంబరు 2, ఎనిమిది
లిఫ్టు దిగడం లేదు. గేటు వేయని దద్దమ్మ ఎవరని బిల్డింగంతా అరుస్తోంది. వెళ్ళి చూశాను. మా అంతస్తులోనే ఉంది. గేటు బార్లా.
నేనే అని అరిచాను.
మధ్యాహ్నం దాకా వేయలేదు.